ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఏ జీన్ టెస్ట్ చేయించాలి? తిరుపతి, చిత్తూరు వాళ్ళ కోసం ఒక పోలిక

బయాప్సీ రిపోర్టులో 'అడినోకార్సినోమా' (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) అని వచ్చాక ఒకటి రెండు రోజుల్లోనే ఇంటివాళ్ళ చేతికి ఇంకో చీటీ వస్తుంది. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, రాస్1, పీడీ-ఎల్1, ఎన్‌జీఎస్ అని వరసగా రాసి ఉంటాయి. మొదటి మూడూ జీన్ల పేర్లు, పీడీ-ఎల్1 కణాల మీది ఒక ప్రొటీన్, ఎన్‌జీఎస్ అంటే చాలా జీన్లను ఒకేసారి చదివే టెస్ట్. కొన్నింటి రేటు వేలల్లో, కొన్నింటిది పదుల వేలల్లో. ఓపీలో జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి డాక్టర్ చెప్పింది సగమే బుర్రకెక్కుతుంది. బయటికొచ్చాక మొదలవుతుంది టెన్షన్: అన్నీ చేయించాలా, ఒకటి చాలా, అసలు ఇవి లేకుండా కీమో మొదలుపెట్టేస్తే ఏం?

నేను తిరుపతిలో పాథాలజీ ల్యాబ్ పనిలో ఉన్నాను. బయాప్సీ ముక్కను మైనంలో పోసి బ్లాకుగా చేయడం, ఆ బ్లాకు కోయడం, స్లైడ్లు చేయడం, బయటి ల్యాబులకు పంపడం నా పని. మందు రాసేది ఆంకాలజిస్టే, అందులో నేను వేలు పెట్టను. కానీ ఏ టెస్ట్ దేనికి పనికొస్తుంది, ఏది ఎప్పుడు దండగ అన్నది కౌంటర్ దగ్గర రోజూ చెప్పే మాటే. దాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

పుంగనూరు, పలమనేరు వైపు నుంచి వచ్చే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, నాయనకు ఇంకెంత కాలమో ఈ టెస్టులో తెలుస్తుందంట కదా?" ఎంపిక తప్పుదారి పట్టేది ఇక్కడే. జీన్ టెస్టులు రెండు రకాల సంగతులు చెబుతాయి. జబ్బు ఎంత మొండిదో చెప్పేవి కొన్ని. ఏ మందుకు లొంగుతుందో చెప్పేవి కొన్ని. డబ్బు, కండ ముక్క రెండూ కొద్దిగానే ఉన్నప్పుడు నా ఓటు ఎప్పుడూ రెండో రకానికే. ఎందుకో చెప్తాను.

2009లో ఐపాస్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. తూర్పు ఆసియా దేశాల్లో 1,217 మందిని తీసుకుని సగం మందికి జెఫిటినిబ్ మాత్ర, సగం మందికి కీమో ఇచ్చారు. ఈజీఎఫ్ఆర్ జీన్‌లో మార్పు ఉన్నవాళ్ళకు మాత్రతో జబ్బు సగటున 9.5 నెలలు అదుపులో ఉంది, కీమోతో 6.3 నెలలు. ఆ మార్పు లేనివాళ్ళలో కథ తిరగబడింది. మాత్రతో నెలన్నర, కీమోతో 5.5 నెలలు. మాత్ర అదే, జబ్బు పేరు అదే, జీన్‌ను బట్టి ఫలితం తారుమారైంది. కాబట్టి ఈజీఎఫ్ఆర్ రిపోర్టును ఆయుష్షు లెక్కగా చదవకూడదు. ఏ దారిన పోవాలో చెప్పే కాగితం అది. టెస్ట్ చేయించకుండా "మాత్రలే కదా, సులువు" అని మొదలుపెడితే, మార్పు లేనివాళ్ళు విలువైన నెలలు పోగొట్టుకుంటారు.

ఇక మొదటి రకం, అంటే జబ్బు మొండితనాన్ని అంచనా వేసే జీన్ల జాబితాలు. వీటి చరిత్ర కొంచెం తెలిసి ఉండటం మంచిది. 2006లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం బృందం ఒకటి తొలి దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎవరికి జబ్బు తిరగబెడుతుందో జీన్ల తీరు చూసి చెప్పగలమని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అక్కడి ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రిలోని కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు గణాంక నిపుణులు అదే బృందం ఇచ్చిన డేటాను తీసుకుని లెక్కలు మళ్ళీ వేసి చూస్తే పొసగలేదు. 2011లో ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. 2015లో అమెరికా ప్రభుత్వ పరిశోధనా నైతికత కార్యాలయం డేటాను తారుమారు చేశారని తేల్చింది.

అలాగని ఈ రంగమంతా బూటకమని కాదు. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన 14 జీన్ల టెస్ట్ నిజాయితీగా చేసిన పనే. ఆపరేషన్ అయిన రోగుల్లో ఎవరికి ముప్పు ఎక్కువో విడదీసి చూపించింది, వేరే ఆసుపత్రుల రోగుల మీద కూడా సరిచూశారు. అయినా మామూలు వైద్యంలో ఇలాంటి టెస్టును తప్పనిసరి అని ఎవరూ రాయడం లేదు. కారణం సులువుగా అర్థమయ్యేదే. 'ముప్పు ఎక్కువ' అని వచ్చినవాళ్ళకు కీమో ఇస్తే నిజంగా మేలు జరుగుతుందని గట్టిగా రుజువు కావాలి. ఆ రుజువు బలంగా లేకపోతే చేతికొచ్చేది భయం ఒక్కటే. ఎవరైనా మీకు 'తిరగబెట్టే ముప్పు లెక్క' టెస్ట్ అమ్మజూపితే అడగాల్సింది ఇంతే: "రిపోర్ట్ ఎలా వచ్చినా మా వైద్యం మారుతుందా?" మారదంటే ఆ డబ్బు స్కాన్‌కో మందుకో దాచుకోండి.

ఇప్పుడు మీ చేతిలోని చీటీకి వద్దాం. మామూలుగా మీ ముందు నాలుగు దారులు ఉంటాయి.

మొదటిది ఒక్క ఈజీఎఫ్ఆర్ పీసీఆర్. చవక, వారంలోపు రిపోర్ట్ వస్తుంది, ముక్క కొంచెం చాలు. మన దేశంలో అడినోకార్సినోమా వాళ్ళలో ఇంచుమించు నాలుగో వంతు మందికి ఈ మార్పు కనిపిస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ఇంతమందికి ఉండదు. పొగ తాగని ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. అందుకని దేనికీ డబ్బు లేదంటే కనీసం ఇదొక్కటైనా చేయించమని చెప్తాను. జెఫిటినిబ్ జనరిక్ మన దగ్గరే తయారవుతుంది, హైదరాబాద్ నాట్కో ఎప్పటినుంచో చేస్తోంది, కాబట్టి పాజిటివ్ వస్తే మందు అందుబాటులోనే ఉంటుంది. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు 2020లో ప్రచురించిన పరిశోధన కూడా ఇక్కడ పనికొస్తుంది. జెఫిటినిబ్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో జబ్బు 8 నెలలు అదుపులో ఉంటే, దానికి పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కీమో కలిపి ఇచ్చినవాళ్ళలో 16 నెలలు ఉంది. దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. ఖరీదైన మాత్ర కొనలేనివాళ్ళు డాక్టర్‌ను అడగదగ్గ మాట ఇది.

ఆ ఖరీదైన మాత్ర ఒసిమెర్టినిబ్. పాత మాత్రలతో పోల్చిన ఫ్లోరా పరిశోధనలో జబ్బు అదుపు 10.2 నెలల నుంచి 18.9 నెలలకు, బతికిన కాలం 31.8 నుంచి 38.6 నెలలకు పెరిగింది. మెదడుకు పాకిన జబ్బు మీద కూడా బాగా పనిచేస్తుంది. 2024 కేంద్ర బడ్జెట్‌లో దీని మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, అయినా సామాన్యుడికి బరువే.

పీసీఆర్‌కు ఒక లోపం ఉంది. అది ముందే ఎంచుకున్న మార్పులనే వెతుకుతుంది. ఎక్సాన్ అంటే జీన్‌లో ఒక భాగం. ఎక్సాన్ 19లో కొంత ముక్క తెగిపోవడం, ఎల్858ఆర్ అనే మార్పు, ఈ రెండూ ఎక్కువమందిలో ఉంటాయి, వాటిని చక్కగా పట్టుకుంటుంది. ఎక్సాన్ 20లో చొరబడ్డ మార్పుల్లో కొన్ని దాని కళ్ళు గప్పుతాయి. ఆ ఎక్సాన్ 20 వాళ్ళకు మామూలు ఈజీఎఫ్ఆర్ మాత్రలు పనిచేయవు కూడా. 'ఈజీఎఫ్ఆర్ పాజిటివ్' అన్న రెండు మాటలు చదివి సంబరపడకుండా, కింద ఏ ఎక్సాన్ అని రాశారో చూడండి.

రెండో దారి నాలుగు టెస్టుల కట్ట: ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, రాస్1, పీడీ-ఎల్1. తిరుపతిలో ఎక్కువమందికి డాక్టర్లు రాసేది ఇదే, మధ్యతరగతికి నేనూ దీన్నే సమర్థిస్తాను. ఏఎల్‌కే మార్పును 2007లో జపాన్‌లో హిరోయుకి మానో బృందం కనిపెట్టింది. వందలో ముగ్గురి నుంచి ఏడుగురికే ఉంటుంది. మరి అంత అరుదైనదానికి డబ్బెందుకు అంటారా? ఉన్నవాళ్ళకు దక్కే లాభం చూడండి. ఏఎల్‌కే మాత్ర అలెక్టినిబ్‌తో జబ్బు అదుపు సగటున 34.8 నెలలు, అంతకుముందున్న క్రిజోటినిబ్‌తో 10.9. లోర్లాటినిబ్ తీసుకున్నవాళ్ళలో అయితే ఐదేళ్ళ తర్వాత కూడా నూటికి 60 మందికి జబ్బు ముదరలేదు. నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇలాంటి అంకెలు ఒకప్పుడు ఊహకందనివి. పైగా ఏఎల్‌కేని ఐహెచ్‌సీ అనే రంగు పరీక్షతో ఒకే ఒక్క స్లైడ్ మీద చూడొచ్చు, పెద్ద ఖర్చు కాదు. వయసు తక్కువ, పొగ అలవాటు లేదు అంటే దీన్ని వదలొద్దు.

రాస్1 ఇంకా అరుదు, వందలో ఒకరిద్దరు. రంగు పరీక్షలో అనుమానం వస్తే ఫిష్ (జీన్లకు మెరిసే రంగు అంటించి చూసే) పరీక్షతోనో ఎన్‌జీఎస్‌తోనో ఖాయం చేసుకోవాలి.

మూడోది ఎన్‌జీఎస్. ఒకే ముక్కతో పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ జీన్లు చూస్తారు. బీరాఫ్, మెట్ ఎక్సాన్ 14, రెట్, కేరాస్, హెర్2, ఎన్‌ట్రాక్ అన్నీ ఇందులో వస్తాయి. రెండు మూడు వారాలు పడుతుంది, ఖర్చెక్కువ. మన ముక్కలు బెంగళూరుకో హైదరాబాద్‌కో చెన్నైకో ఇంకా దూరానికో కొరియర్‌లో పోతాయి.

ఇది అవసరమా, ఆర్భాటమా? నా లెక్క ముక్క సైజుతో మొదలవుతుంది. సూదితో తీసిన బయాప్సీ దారపు పోగులా ఉంటుంది. ప్రతి టెస్టుకూ బ్లాకు మీద నుంచి మైక్రాన్ల మందం పొరలు కోస్తాం. మొదట ఈజీఎఫ్ఆర్‌కు, నెగెటివ్ వస్తే ఏఎల్‌కేకి, మళ్ళీ రాస్1కి అని విడివిడిగా అడిగిన ప్రతిసారీ బ్లాకును యంత్రంలో పెట్టి ముఖం సరిచేయాలి. ఆ సరిచేయడంలోనే, గంధపు చెక్క సాన మీద అరిగినట్టు, కొంత కండ వృథా అయిపోతుంది. మూడోసారి అడిగేసరికి మైనం తప్ప ఏమీ మిగలని బ్లాకులు చాలా చూశాను. అందుకే ముక్క చిన్నదై, చేతిలో డబ్బుంటే, విడివిడి టెస్టుల వెంట పడకుండా నేరుగా ఎన్‌జీఎస్‌కు పంపడం మేలు. ముక్క పెద్దదైతే తొందరేం లేదు, నాలుగు టెస్టుల కట్టతో మొదలుపెట్టి, అన్నీ నెగెటివ్ వస్తే అప్పుడు ఎన్‌జీఎస్‌కు వెళ్ళొచ్చు. ఏ దారైనా కావలసిన స్లైడ్లన్నీ ఒకేసారి కోయించమని ముందే చెప్పండి. ఆ ఒక్క మాట మీకు రెండో బయాప్సీ తప్పించవచ్చు.

ఎన్‌జీఎస్ ఎంచుకుంటే "డీఎన్ఏ ఒక్కటేనా, ఆర్ఎన్ఏ కూడా ఉందా?" అని అడగండి. ఏఎల్‌కే, రాస్1, రెట్, ఎన్‌ట్రాక్‌లలో రెండు జీన్లు అతుక్కుపోయి జబ్బు తెస్తాయి. డీఎన్ఏ మాత్రమే చదివే ప్యానెళ్ళలో ఈ అతుకులు కొన్ని జారిపోతాయి, ఆర్ఎన్ఏ కూడా చదివితే బాగా దొరుకుతాయి. 'ఐదు వందల జీన్లు' అన్న ప్రకటన చూసి మురిసిపోనక్కర్లేదు. ఊపిరితిత్తులకు మందులున్న జీన్లు పది పన్నెండుకు మించవు. ఆ పన్నెండూ ఆర్ఎన్ఏతో సహా చదివే చిన్న ప్యానెల్, ఆర్ఎన్ఏ లేని ఐదు వందల ప్యానెల్ కంటే నా దృష్టిలో మెరుగు.

ఇంకో చేదు మాట కూడా చెప్పాలి. ఎన్‌జీఎస్‌లో ఏదో అరుదైన మార్పు దొరుకుతుంది, దానికి మందు ఉంటుంది, నెలకు అయ్యే ఖర్చు ఇంటి పొలం రేటును తలదన్నుతుంది. టెస్ట్ ముందే "ఇది దొరికితే మందు మాకు అందే దారి ఉందా?" అని డాక్టర్‌తో మాట్లాడుకోండి. రోగుల సహాయ పథకాలు, క్లినికల్ ట్రయల్స్ వంటివి ఆయనకే తెలుస్తాయి. కొన్ని మందుల కంపెనీలు టెస్ట్ ఖర్చు భరించే పథకాలు కూడా నడుపుతుంటాయి, అవి ఆంకాలజిస్ట్ రాస్తేనే వర్తిస్తాయి. అడగడానికి మొహమాటపడొద్దు.

నాలుగోది లిక్విడ్ బయాప్సీ, అంటే రక్తంలో తేలే క్యాన్సర్ డీఎన్ఏను వెతకడం. సూది గుచ్చితే ఊపిరి తీసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళకు, ముక్క చాలనివాళ్ళకు ఇది వరం. 2016లోనే అమెరికా ఎఫ్‌డీఏ ఈజీఎఫ్ఆర్ కోసం రక్త పరీక్షకు అనుమతి ఇచ్చింది. ఇందులో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. నెగెటివ్ వస్తే మాత్రం 'లేదు' అని అర్థం చేసుకోకండి. జబ్బు ఛాతీలోనే చిన్నగా ఉన్నా, మెదడులో మాత్రమే ఉన్నా రక్తంలోకి డీఎన్ఏ సరిగా రాలదు. అప్పుడు మళ్ళీ ముక్క వైపే చూడాలి. టీపీ53 వంటి కొన్ని మార్పులు వయసు పైబడినవాళ్ళ రక్తకణాల నుంచి కూడా వస్తాయి, అది క్యాన్సర్‌దే అనుకుని కంగారుపడే వాళ్ళున్నారు.

రక్తం తీసే విధానం కూడా ముఖ్యమే. మామూలు ఊదా మూత ట్యూబులో తీస్తే కొన్ని గంటల్లోనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరు చేయాలి, లేకపోతే తెల్లకణాలు పగిలి క్యాన్సర్ డీఎన్ఏ అందులో కలిసిపోతుంది. దూరం పంపాలంటే కణాలను కాపాడే ప్రత్యేక ట్యూబు వాడాలి. మదనపల్లిలో సందుచివర కలెక్షన్ సెంటర్‌లో "ఇదే ట్యూబు చాలు సార్" అంటే ఒప్పుకోవద్దు.

పీడీ-ఎల్1 గురించి విడిగా రాయాలి, ఎందుకంటే ఎక్కువ గందరగోళం దీంతోనే. నిజానికి ఇది జీన్ టెస్ట్ కాదు, కణాల మీది ప్రొటీన్‌కు వేసే రంగు. ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ పనిచేసే అవకాశాన్ని ఇది చెబుతుంది. 50 శాతానికి పైగా వచ్చినవాళ్ళలో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు తీసుకున్నవాళ్ళు ఐదేళ్ళకు నూటికి దాదాపు 32 మంది బతికున్నారు, కీమోతో మొదలుపెట్టినవాళ్ళలో 16 మంది. మంచి తేడానే.

చిక్కు ఎక్కడంటే, పీడీ-ఎల్1 రిపోర్ట్ రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. జీన్ రిపోర్ట్ రావడానికి వారాలు. ఈలోగా "80 శాతం వచ్చింది, ఇమ్యునోథెరపీ మొదలుపెట్టేద్దాం, అప్పైనా చేద్దాం" అని ఇంట్లోవాళ్ళే డాక్టర్‌ను తొందరపెడతారు. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే మార్పులు ఉన్నవాళ్ళలో పీడీ-ఎల్1 ఎంత ఎక్కువున్నా ఇమ్యునోథెరపీ పెద్దగా పనిచేయదు. పైగా ఇమ్యునోథెరపీ వేసిన వెంటనే ఒసిమెర్టినిబ్ ఇస్తే ఊపిరితిత్తుల వాపు వంటి తీవ్రమైన ఇబ్బందులు పెరుగుతాయి. 2019లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, మూడు నెలల్లోపు మార్చినవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి అలా జరిగింది. ఆగలేని పరిస్థితి అయితే మొదటి సైకిల్ కీమో ఒక్కటే ఇచ్చి, జీన్ రిపోర్ట్ వచ్చాక మిగతాది నిర్ణయించే పద్ధతి ఉంది. మీ డాక్టర్‌తో ఈ మాట ఎత్తండి.

ఇప్పుడు ఎవరికి ఏది అన్నది.

నాలుగో దశ అడినోకార్సినోమా, పొగ అలవాటు లేదు, ఖర్చు పెట్టుకోగలరు: ఆర్ఎన్ఏతో ఎన్‌జీఎస్, పక్కన పీడీ-ఎల్1. ఆయాసంతో మంచం పట్టి ఉన్నారంటే ఎన్‌జీఎస్ కోసం మూడు వారాలు ఎదురుచూడలేరు. ఈజీఎఫ్ఆర్ పీసీఆర్, ఏఎల్‌కే ఐహెచ్‌సీ రెండూ వెంటనే చేయించి, ఎన్‌జీఎస్‌ను వెనకాల నడవనివ్వండి. బీడీలు తాగిన మనిషి కదా అని జీన్ టెస్టే వద్దనుకోవడం పొరపాటు. అవకాశం తగ్గుతుంది గానీ పోదు. కేరాస్ జీ12సీ మార్పు అయితే పొగతాగేవాళ్ళలోనే ఎక్కువ, 2021లో సోటోరాసిబ్‌తో దానికీ మందు వచ్చింది, కాకపోతే మొదటి విడత వైద్యం తర్వాతే వాడతారు. కేరాస్‌తో పాటు ఎస్‌టీకే11, కీప్1 మార్పులు కూడా రిపోర్టులో కనిపిస్తే జబ్బు మొండిదని, ఇమ్యునోథెరపీ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోలేమని అర్థం. కీమో కలపాలా అన్న చర్చకు అది పనికొస్తుంది.

స్క్వేమస్ రకం అయితే మొదట పీడీ-ఎల్1. జీన్ల మార్పులు అందులో తక్కువ. వయసు చిన్నదైనా, ఎప్పుడూ పొగ తాగని మనిషి అయినా అప్పుడు జీన్ టెస్టులు కూడా అడగొచ్చు. స్మాల్ సెల్ రకమైతే ఈ చీటీ మొత్తం పక్కన పెట్టేయండి. మొదటి వైద్యాన్ని మార్చే జీన్ టెస్ట్ ఇప్పటికి దానికి లేదు, రోజులు వృథా చేయకుండా కీమో మొదలుపెట్టడమే పని.

ఆపరేషన్ అయిపోయినవాళ్ళు "గడ్డ తీసేశారు కదా, ఇంకెందుకు" అంటారు. నిజానికి ఇప్పుడు వాళ్ళకే లాభం ఎక్కువ. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్ళు ఆపరేషన్ తర్వాత మూడేళ్ళు ఒసిమెర్టినిబ్ వాడిన అడౌరా పరిశోధనలో ఐదేళ్ళకు నూటికి 88 మంది బతికున్నారు, వాడనివాళ్ళలో 78 మంది. ఏఎల్‌కే ఉన్నవాళ్ళు అలెక్టినిబ్ వాడితే, రెండో దశ, 3ఏ దశల్లో రెండేళ్ళకు జబ్బు తిరగబెట్టనివాళ్ళు దాదాపు 94 శాతం, కీమో తీసుకున్నవాళ్ళలో 63. పైగా ఆపరేషన్‌లో ముక్క బోలెడు దొరుకుతుంది. ఇక్కడ ఎన్‌జీఎస్ లేకపోయినా నష్టం లేదు. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, పీడీ-ఎల్1 మూడూ ఉంటే చాలు.

ముక్క సంగతి తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది కాబట్టి ల్యాబ్ వైపు నుంచి కొన్ని మాటలు. మన ప్రాంతంలో ఛాతీలో మచ్చ కనిపిస్తే మొదటి అనుమానం టీబీ. అది సహజమే. అయితే బయాప్సీ తీసిన ముక్కంతా సెలైన్‌లో వేసి టీబీ పరీక్షకే పంపేస్తే క్యాన్సర్‌కు ఏమీ మిగలదు. తీసే ముందే "ఫార్మలిన్‌లో కూడా వేస్తారా?" అని అడగండి. ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉండాలి. శనివారం తీసి, మధ్యలో పండగ సెలవులొచ్చి, ఐదో రోజు మైనంలో పోస్తే డీఎన్ఏ ముక్కలైపోతుంది. ఎముక నుంచి తీసిన ముక్కను మెత్తబరచడానికి ఆమ్లంలో నానబెడతారు, అది డీఎన్ఏకు శత్రువు. వేరే చోట ముక్క దొరికే వీలుంటే అదే తీయించండి. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీశారంటే పారబోయనివ్వొద్దు, దాంతో 'సెల్ బ్లాక్' చేయిస్తే చాలాసార్లు జీన్ టెస్టుకు సరిపోతుంది.

మనవాళ్ళు బయాప్సీ ఒకచోట, వైద్యం ఒకచోట చేయించుకుంటారు. చిత్తూరు వాళ్ళు గంటలో రాయవేలూరు సీఎంసీకి వెళ్ళిపోతారు, తిరుపతి వాళ్ళు స్విమ్స్‌లో చూపించుకుని ఆ తర్వాత అలిపిరి దగ్గర 2022లో మొదలైన స్వికార్ క్యాన్సర్ ఆసుపత్రికో, చెన్నై అడయార్‌కో వెళ్తారు. ఎక్కడికెళ్ళినా రిపోర్ట్ కాగితం ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు. మొదటి ఆసుపత్రికి దరఖాస్తు పెట్టి పారాఫిన్ (మైనం) బ్లాకు తీసుకోండి. బ్లాకు మీద ఉన్న నంబరు, రిపోర్ట్ మీది నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. రెండు బ్లాకులుంటే ఒకటి మొదటి ల్యాబులోనే ఉంచడం మంచిది. ఎండాకాలంలో కారు డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం పెట్టొద్దు, మే నెలలో రేణిగుంట రోడ్డు మీద ఆపిన కారు లోపలి వేడికి మైనం మెత్తబడిపోతుంది.

టెస్టుకు ఎన్‌టీఆర్ వైద్య సేవ కార్డు వర్తిస్తుందా లేదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేయించక ముందే అడగండి. డబ్బు కట్టేశాక అడిగితే ఆయనా చేయగలిగేదేం ఉండదు.

రిపోర్ట్ వచ్చాక మొదట చూడాల్సింది 'నెగెటివ్' అని ఉందా, 'క్యూఎన్ఎస్' అని ఉందా అన్నది. క్యూఎన్ఎస్ అంటే ముక్క చాలలేదు, టెస్ట్ జరగలేదు అని. దాన్ని నెగెటివ్ అనుకుని కీమోకు వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. తర్వాత కణితి శాతం చూడండి. చాలా ప్యానెళ్ళకు ముక్కలో 20 శాతమైనా క్యాన్సర్ కణాలు కావాలి, అంతకన్నా తక్కువుంటే నెగెటివ్‌ను సందేహంగానే చూడాలి. మార్పులను టియర్‌లుగా, అంటే ప్రాధాన్యం మెట్లుగా విడగొట్టి ఉంటారు. టియర్ 1 అంటే మందు ఖాయంగా ఉన్నవి. టియర్ 3 అంటే అర్థం తేలనివి. పది పేజీల రిపోర్టులో టియర్ 3 పేర్లే ఎక్కువ, వాటిని గూగుల్‌లో వెతుక్కుని నిద్ర పాడుచేసుకోకండి.

"మా పిల్లలకు కూడా వస్తుందా సార్, ఇంట్లో సంబంధాలు చూస్తున్నాం" అని గొంతు తగ్గించి అడుగుతారు. ఈ టెస్టుల్లో కనిపించే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే మార్పులు దాదాపు అన్నీ ఆ మనిషి జీవితకాలంలో ఆ గడ్డలోనే పుట్టినవి. తల్లిదండ్రుల నుంచి వచ్చినవి కావు, పిల్లలకు పోవు. వంశపారంపర్యం అనుమానం ఉన్న అరుదైన మార్పు కనిపిస్తే రిపోర్టులోనే జెనెటిక్ కౌన్సెలింగ్ అని రాస్తారు.

మాత్రలు పనిచేసి, ఏడాదో రెండేళ్ళో గడిచాక జబ్బు మళ్ళీ పెరిగితే టెస్టుల ఎంపిక మళ్ళీ మొదటికొస్తుంది. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ వాడినవాళ్ళలో సగానికి పైగా టీ790ఎం అనే కొత్త మార్పు పుడుతుంది. అది ఉంటే ఒసిమెర్టినిబ్‌తో 10.1 నెలలు, కీమోతో 4.4 నెలలు అదుపు దొరికింది. ఇక్కడ మొదట రక్త పరీక్షే చేయించండి, సూది నొప్పి తప్పుతుంది. రక్తంలో దొరక్కపోతే బయాప్సీకి వెళ్ళండి. మొదటి నుంచీ ఒసిమెర్టినిబ్ మీదే ఉన్నవాళ్ళకు టీ790ఎం టెస్ట్ దండగ. వాళ్ళకు వీలైతే కొత్త ముక్కే తీయించాలి, ఎందుకంటే కొద్దిమందిలో జబ్బు స్మాల్ సెల్ రకంగా మారిపోతుంది. అది మైక్రోస్కోప్ కింద కణాలను చూస్తేనే ఖాయంగా తెలిసేది. పాత బ్లాకు మిగిలి ఉంటే దాన్ని కూడా వెంట తీసుకెళ్ళండి, కొత్తదాన్ని పక్కన పెట్టి పోల్చడానికి పాథాలజిస్టుకు అది కావాలి.